రికార్డరుకు ఎన్ని రోజుల జ్ఞాపకం?



ఇంటి గుమ్మం మీద, గేటు పక్కన, మేడమెట్ల దగ్గర అమర్చిన సీసీ కెమెరాలు చూసే దృశ్యాలను తన లోపలి హార్డ్ డిస్కులో నమోదు చేసి దాచే పెట్టెను వాడుకలో డీవీఆర్ అంటారు. డిజిటల్ వీడియో రికార్డర్ అన్న పేరుకు అది పొట్టి రూపం. ఈ పెట్టెను కొనేవారు సాధారణంగా కెమెరాలు ఎన్ని, బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుంది, ధర ఎంత అన్న మూడు ప్రశ్నలు వేస్తారు. నాలుగో ప్రశ్న మాత్రం తరచుగా మరుగున పడిపోతుంది. ఈ పెట్టె ఎన్ని రోజుల దృశ్యాలను గుర్తుపెట్టుకోగలదు?

ఈ ప్రసంగం సారాంశం ఆ నాలుగో ప్రశ్నలోనే ఉంది. లోపల నిల్వ చోటు ఉన్న రికార్డరును, దాని జ్ఞాపకం ఎన్ని రోజులదో లెక్కకట్టి కొనాలి. ఆ గడువు తీరకముందే, కావలసిన దృశ్యాన్ని బయటికి తీసి భద్రపరచుకోవాలి. ఎంపికకు సంబంధించిన సూత్రం మొదటిది, వాడకానికి సంబంధించిన సూత్రం రెండవది. మిగిలిన విషయాలన్నీ ఈ రెండింటికి వివరణలే.

వీడియో రికార్డరుకూ హార్డ్ డిస్కుకూ పుట్టిన సంవత్సరం ఒకటే కావడం విశేషం. 1956 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన ఆంపెక్స్ సంస్థ, అయస్కాంత టేపు మీద దృశ్యాన్ని నమోదు చేసే యంత్రాన్ని టెలివిజన్ ప్రసారకుల ఎదుట ప్రదర్శించింది. అదే ఏడాది సెప్టెంబరులో ఐబీఎం సంస్థ, రామాక్ అనే కంప్యూటరుతో పాటు మొట్టమొదటి హార్డ్ డిస్కును ప్రకటించింది. రెండడుగుల వెడల్పున్న 50 పళ్ళేలను ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఆ డిస్కులో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే కాగా, నేటి ఇంటి కెమెరా పంపే దృశ్యాన్ని అందులో నింపితే పావు నిమిషానికే చోటు అయిపోతుంది. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు యంత్రాలు ఒకే పెట్టెలో చేరి ఇళ్ళకు రావడానికి 43 ఏళ్ళు పట్టింది. 1999లో అమెరికాలో టీవో, రీప్లే టీవీ అనే పరికరాలు, టెలివిజన్ కార్యక్రమాలను టేపు అవసరం లేకుండా హార్డ్ డిస్కు మీద దాచడం మొదలుపెట్టాయి. ఇంటి సీసీ కెమెరాల వెనుక ఉండే డీవీఆర్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

ఆ మధ్యకాలంలో ఇళ్ళలో వాడినవి క్యాసెట్లు. సోనీ సంస్థ 1975లో బీటామాక్స్‌ను, జేవీసీ సంస్థ 1976లో వీహెచ్ఎస్‌ను తెచ్చిన తరువాత, 1980లలో వీసీఆర్లు తెలుగు ఊళ్ళకు కూడా చేరి, వీడియో లైబ్రరీలకూ పెళ్ళి క్యాసెట్లకూ కారణమయ్యాయి. క్యాసెట్టుకు ఒక మంచి గుణం ఉండేది. దాని అట్ట మీద 180 అని రాసి ఉంటే అందులో మూడు గంటల దృశ్యం పడుతుందని ఎవరికైనా తెలిసేది. టేపు అయిపోగానే యంత్రం ఆగిపోయేది. ఆగిపోయిందంటే ఇక నమోదు కావడం లేదని ఇంట్లో అందరికీ అర్థమయ్యేది. పరిమితి కళ్ళకు కనబడుతూ ఉండేదన్న మాట. డీవీఆర్ ఎప్పటికీ ఆగదు. అందువల్ల దాని పరిమితి కంటికి కనబడదు.

ఆగకుండా ఎలా నడుస్తుందో పలకతో పోల్చి చూస్తే తేలికగా బోధపడుతుంది. పలక మీద పది వరుసలు పడతాయనుకుంటే, పదో వరుస నిండిన తరువాత పిల్లవాడు మొదటి వరుసను తుడిచి అక్కడ పదకొండో వాక్యం రాస్తాడు. ఆ తరువాత రెండో వరుసను తుడిచి పన్నెండోది రాస్తాడు. పలక మీద ఎప్పుడు చూసినా కడపటి పది వాక్యాలే ఉంటాయి. డీవీఆర్ చేసే పని సరిగ్గా ఇదే. డిస్కు నిండగానే అన్నిటికన్నా పాత దృశ్యాన్ని తుడిచి, ఆ చోట కొత్తదాన్ని రాస్తుంది. దీనిని ఓవర్‌రైట్ అంటారు. మేడ మీది నీళ్ళ ట్యాంకు నిండితే కొత్తగా వచ్చే నీరు పొర్లిపోయి పాత నీరు లోపలే ఉంటుంది. రికార్డరు నిండితే పాతది పోయి కొత్తది ఉంటుంది. ఈ తేడాను శ్రోతలు గుర్తుంచుకోవాలి. రికార్డరులో ఏదీ శాశ్వతంగా ఉండదు, ఉన్నంత కాలం ఎంత అన్నదే లెక్క.

ఆ లెక్కకు ముందు రెండు కొలతల మధ్య తేడా తెలియాలి. కెమెరా నుంచి దృశ్యం వచ్చే వేగాన్ని బిట్లలో చెబుతారు, డిస్కులో ఉన్న చోటును బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. పాతకాలపు ధాన్యపు కొలతల్లో నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ కాబట్టి, ఎనిమిది గిద్దెలకు ఒక తవ్వ అవుతుంది. బిట్టును గిద్దెగా, బైటును తవ్వగా భావిస్తే పొరపాటుకు తావుండదు. ధాన్యం గిద్దెలతో కొలిచి పోస్తున్నారు, గాదె పరిమాణాన్ని మాత్రం తవ్వల్లో చెబుతున్నారు. రెంటినీ ఒకే కొలతలోకి మార్చితే తప్ప గాదె ఎప్పుడు నిండుతుందో తెలియదు. పది లక్షల బిట్లు ఒక మెగాబిట్టు, వంద కోట్ల బైట్లు ఒక గిగాబైటు, వెయ్యి గిగాబైట్లు ఒక టెరాబైటు. డిస్కు అట్ట మీద కనబడేది ఈ టెరాబైటే. కంప్యూటరు వెయ్యికి బదులు 1024తో లెక్కిస్తుంది కాబట్టి, ఒక టెరాబైటు డిస్కును తెర మీద 931 గిగాబైట్లుగా చూపిస్తుంది. అందులో మోసమేమీ లేదు, కొలత వేరు అంతే.

ఇక లెక్క. సాధారణంగా ఇళ్ళలో వాడే రెండు మెగాపిక్సెళ్ళ కెమెరా, అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలతో బొమ్మను తయారు చేసే కెమెరా, సెకనుకు రెండు మెగాబిట్ల వేగంతో దృశ్యాన్ని పంపుతోందని అనుకుందాం. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు పావు మెగాబైటు. గంటకు 900 మెగాబైట్లు. రోజుకు 21.6 గిగాబైట్లు. చెవికి తేలికగా ఉండే సూత్రం ఒకటి ఉంది. సెకనుకు ఎన్ని మెగాబిట్లో ఆ సంఖ్యను 11తో హెచ్చిస్తే, ఆ కెమెరాకు రోజుకు కావలసిన గిగాబైట్లు ఇంచుమించుగా వస్తాయి. రెండు మెగాబిట్లయితే 22, నాలుగు మెగాబిట్లయితే 44. ఇంటికి నాలుగు కెమెరాలుండి, ఒక్కొక్కటి రోజుకు 22 గిగాబైట్లు తీసుకుంటే మొత్తం 88. ఒక టెరాబైటు డిస్కును ఆ 88తో భాగిస్తే 11 రోజులు వస్తాయి. రెండు టెరాబైట్లకు 22 రోజులు, నాలుగు టెరాబైట్లకు 45 రోజులు. వినడానికి వీలుగా మరొకసారి: మెగాబిట్లను 11తో హెచ్చించాలి, కెమెరాల సంఖ్యతో హెచ్చించాలి, వచ్చిన దానితో డిస్కును భాగించాలి.

ఎన్ని రోజులుంటే చాలు అన్నది ఇంటి పద్ధతిని బట్టి ఉంటుంది. సంక్రాంతికి కుటుంబమంతా సొంత ఊరికి వెళ్ళి పది రోజుల తరువాత తిరిగి వచ్చే ఇంటికి, ఐదు రోజుల జ్ఞాపకమున్న రికార్డరు నిరుపయోగం. ఇంటికి తాళం పడిన మరునాడే దొంగతనం జరిగి ఉంటే, తిరిగి వచ్చే నాటికి ఆ దృశ్యం తుడిచిపెట్టుకుపోయి, దాని స్థానంలో ఖాళీ వాకిలి మాత్రమే నమోదై ఉంటుంది. ఇల్లు అత్యధికంగా ఎన్ని రోజులు మూసి ఉంటుందో చూసి, విషయం బయటపడి ఫిర్యాదు చేయడానికి మరో వారం కలిపి, ఆ మొత్తానికి సరిపడే డిస్కు తీసుకోవడం మంచి పద్ధతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టం, జనం పెద్ద సంఖ్యలో చేరే సంస్థలు కెమెరాల దృశ్యాలను 30 రోజుల పాటు భద్రపరచాలని నిర్దేశించింది. మామూలు ఇళ్ళకు ఆ నిబంధన వర్తించకపోయినా, 30 రోజులను ఒక కొలబద్దగా తీసుకోవచ్చు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి నెలల తరబడి ఉండే తల్లిదండ్రుల ఇంటికి ఎంత డిస్కు పెట్టినా చాలదు. అటువంటి ఇంట్లో కదలిక కనబడగానే ఫోనుకు కబురు పంపే ఏర్పాటు, ఆ కబురు చూసి ఆ రోజే దృశ్యాన్ని తీసి ఉంచగల దగ్గరి బంధువు, రెండూ అవసరం.

డిస్కును పెంచకుండా రోజులను పెంచే మార్గాలు కొన్ని ఉన్నాయి. మొదటిది కుదింపు. కెమెరా ప్రతి బొమ్మనూ పూర్తిగా పంపదు. ముందు బొమ్మకూ తరువాతి బొమ్మకూ మధ్య మారిన భాగాన్ని మాత్రమే పంపి, మారని గోడను, మారని గేటును మళ్ళీ మళ్ళీ చెప్పకుండా వదిలేస్తుంది. ఈ కుదింపు పద్ధతులకు ప్రమాణాలు ఉన్నాయి. 2003లో వచ్చినది హెచ్ 264, 2013లో వచ్చినది హెచ్ 265. రెండవది ఇంచుమించు సగం బిట్లతోనే అదే నాణ్యతను ఇవ్వగలదు కాబట్టి, కెమెరా, రికార్డరు రెండూ దానికి అనుకూలమైనవైతే అదే డిస్కులో దాదాపు రెట్టింపు రోజులు పడతాయి. రెండవ మార్గం బొమ్మల సంఖ్య. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి; డీవీఆర్ 25 వరకు నమోదు చేయగలదు; వాకిట్లో నడిచే మనిషిని గుర్తించడానికి 12 లేదా 15 సరిపోతాయి. అయితే బొమ్మల సంఖ్యను సగం చేసినంత మాత్రాన బిట్లు సరిగ్గా సగానికి తగ్గవు. మూడవ మార్గం బిట్లను నేరుగా తగ్గించడం. ఇందులో జాగ్రత్త అవసరం. బిట్లు మరీ తగ్గితే రోజులు పెరుగుతాయి గాని, ముఖం మసకబారి, బండి నంబరు చదవడానికి వీలు లేకుండా పోతుంది. గుర్తుపట్టలేని ముఖాన్ని నెల రోజులు దాచినా ప్రయోజనం ఉండదు.

నాలుగవ మార్గం కదలిక ఉన్నప్పుడు మాత్రమే నమోదు చేయడం. దీనిని మోషన్ రికార్డింగ్ అంటారు. రోజులో ఎనిమిది గంటలు మాత్రమే కదలిక ఉండే వాకిలికి 11 రోజుల డిస్కు 33 రోజులకు వస్తుంది. వినడానికి ఇది చాలా లాభసాటిగా కనిపించినా, కదలిక అంటే ఏమిటో యంత్రానికి మనిషిలాగా తెలియదన్న సంగతి మరవకూడదు. గాలికి ఊగే అరటాకు, రాత్రిపూట కెమెరా వెలుగుకు చేరే పురుగులు, కెమెరా ముందు సాలెపురుగు కట్టిన గూడు, వానచినుకులు, అన్నీ దాని దృష్టిలో కదలికలే. ఇక రెండో వైపు నుంచి చూస్తే, చీకట్లో దూరంగా నెమ్మదిగా కదిలే మనిషి దాని లెక్కలోకి రాకపోవచ్చు కూడా. అందువల్ల గేటు కెమెరాకు రోజంతా నమోదును, పెరటి కెమెరాకు కదలికల నమోదును కేటాయించడం ఒక మధ్యే మార్గం. కదలికకు పది సెకన్ల ముందు నుంచే నమోదు మొదలయ్యే ఏర్పాటు రికార్డరులో ఉంటే దానిని తప్పక వాడుకోవాలి, లేకపోతే మనిషి రావడం కనబడదు, వెళ్ళిపోవడం మాత్రమే కనబడుతుంది.

పెట్టెల్లో కూడా రకాలున్నాయి. డీవీఆర్‌కు వచ్చే తీగలు గుండ్రటి బీఎన్‌సీ పిన్నులతో ముగుస్తాయి. కెమెరాకు కరెంటునూ దృశ్యాన్నీ కలిపి మోసే ఆ తీగను ఎలక్ట్రీషియన్లు త్రీ ప్లస్ వన్ కేబుల్ అంటారు. ఎన్‌వీఆర్, అంటే నెట్‌వర్క్ వీడియో రికార్డర్, కంప్యూటరు తీగ ద్వారా, నెట్‌వర్క్ మీద పనిచేసే ఐపీ కెమెరాల నుంచి దృశ్యాన్ని తీసుకుంటుంది. ఒకే తీగలో కరెంటు కూడా వెళ్ళే పద్ధతిని పీఓఈ అంటారు. ఆ తీగ పొడవు వంద మీటర్లు దాటకూడదు. ఇంట్లో ఇప్పటికే పాత తీగలు గోడల్లో ఉంటే డీవీఆర్, కొత్తగా కట్టే ఇల్లయితే ఎన్‌వీఆర్ అనుకోవడం స్థూలంగా సరిపోతుంది. ఒక గది, ఒక గుమ్మం ఉన్న అద్దె ఇంటికి మెమరీ కార్డుతో పనిచేసే వైఫై కెమెరా చాలు. అయితే కెమెరాను ఎత్తుకుపోతే అందులోని కార్డు కూడా పోతుందని, అన్ని కార్డులూ రాత్రింబవళ్ళు రాసే పనికి తట్టుకోవని గుర్తించి, నిఘా పనికోసమే తయారైన కార్డును ఎంచుకోవాలి. ఏ రకమైనా లెక్క ఒకటే. మెగాబిట్లను 11తో హెచ్చించి భాగించినప్పుడు 128 గిగాబైట్ల కార్డుకు, సెకనుకు రెండు మెగాబిట్లు పంపే ఒక్క కెమెరాతో దాదాపు ఆరు రోజుల జ్ఞాపకం వస్తుంది.

దుకాణంలో డీవీఆర్ ధర చెప్పినప్పుడు అందులో డిస్కు కలిసి ఉందో లేదో విడిగా అడగడం అవసరం, ఎందుకంటే చాలా పెట్టెలను ఖాళీగానే అమ్ముతారు. డిస్కును విడిగా కొనేటప్పుడు అది నిఘా పనికి తయారైనదేనా అని చూడాలి. ఇంటి కంప్యూటరులోని డిస్కు రోజులో కొన్ని గంటలు పనిచేసి, ఎక్కువగా చదివి, తక్కువగా రాస్తుంది. రికార్డరులోని డిస్కు క్షణం విరామం లేకుండా రాస్తూనే ఉంటుంది. ఇంతకుముందు చెప్పుకొన్న నాలుగు కెమెరాల ఇంట్లో రోజుకు 88 గిగాబైట్ల చొప్పున ఏడాదికి 32 టెరాబైట్లు రాయవలసి వస్తుంది. వెస్టర్న్ డిజిటల్ సంస్థ పర్పుల్ పేరుతోనూ, సీగేట్ సంస్థ స్కైహాక్ పేరుతోనూ అమ్మే డిస్కులు ఈ నిరంతర రాతకు ఉద్దేశించినవి. పాత కంప్యూటరు నుంచి తీసిన డిస్కును రికార్డరులో బిగించి ఇచ్చే వారి దగ్గర ధర తగ్గవచ్చు గాని, ఎడ్లబండి ఎద్దును గానుగకు కట్టినట్టు అది తొందరగా అలసిపోతుంది. డిస్కుకు విడిగా గ్యారంటీ కార్డు, బిల్లు తీసుకోవాలి. రికార్డరు గరిష్ఠంగా ఎన్ని టెరాబైట్ల డిస్కును గుర్తించగలదో కూడా కొనకముందే అడగాలి.

పెట్టెను ఎక్కడ ఉంచాలన్నది చిన్న విషయంలా కనిపించినా, దొంగ ఇంట్లోకి వస్తే రికార్డరును కూడా తీసుకుపోయే అవకాశం ఉన్నందున, హాలులో టీవీ పక్కన అందరికీ కనబడేలా పెట్టడం మంచిది కాదు. అలాగని రేకుల కప్పు కింద అటక మీద దాచితే, వేసవి వేడికి డిస్కు ఆయువు తగ్గిపోతుంది. గాలి ఆడే, తాళం పడే అలమారా సరైన చోటు. కరెంటు విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. రికార్డరును ఇన్వర్టరుకు కలిపి, కెమెరాలకు కరెంటు పంపే ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టెను మామూలు లైనులోనే వదిలేస్తే, కరెంటు పోయినప్పుడు రికార్డరు మెలకువగానే ఉన్నా కెమెరాలు కళ్ళు మూసుకుంటాయి. రికార్డరు, కెమెరాల కరెంటు పెట్టె, ఇంటర్నెట్ రూటరు, ఈ మూడూ ఒకే ఇన్వర్టరు లైనులో ఉండాలి. కెమెరాల తీగలు ఆరుబయట నుంచి వస్తాయి గనుక, పిడుగుల కాలంలో రక్షణకు ఎర్తింగు సరిగా ఉండాలి. ఖర్చు భయపడేంత ఉండదు. 15 వాట్లు తీసుకునే రికార్డరు నెలంతా నడిస్తే 11 యూనిట్లు అవుతుంది.

దృశ్యానికి సాక్ష్యపు విలువను ఇచ్చేది దాని మీద కనబడే తేదీ, సమయం. రికార్డరు లోపల గడియారాన్ని నడిపే చిన్న నాణెపు బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది బలహీనపడితే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఏళ్ళు వెనక్కి వెళ్ళవచ్చు. అప్పుడు రాత్రి రెండు గంటలకు వచ్చిన మనిషి పట్టపగలు వచ్చినట్టు నమోదవుతాడు, తేదీని బట్టి వెతికితే దృశ్యమే దొరకదు. ఇంటర్నెట్ ద్వారా గడియారాన్ని సరిచేసుకునే ఎన్‌టీపీ అనే ఏర్పాటును వాడుకోవాలి, అందులో భారత కాలమానం అంతర్జాతీయ ప్రామాణిక కాలం కన్నా ఐదున్నర గంటలు ముందుగా ఉందని ఎంచుకోవాలి.

రికార్డరును ఫోనులో చూడడానికి ఇంటర్నెట్‌కు కలిపినప్పుడు, తలుపు మనకు తెరుచుకున్నట్టే ఇతరులకూ తెరుచుకునే ప్రమాదం ఉంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డులను మార్చకుండా వదిలేసిన లెక్కలేనన్ని కెమెరాలను, డీవీఆర్లను స్వాధీనం చేసుకుని, వాటి సాయంతో ఆ అక్టోబరులో వెబ్‌సైట్ల చిరునామాలను చూపించే డైన్ అనే సంస్థ మీద దాడి చేయగా, అమెరికాలో ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లు కొన్ని గంటల పాటు అందుబాటులో లేకుండా పోయాయి. పాస్‌వర్డు మార్చని రికార్డరంటే తాళం కప్పకే చెవి వేలాడదీసిన గుమ్మం. బిగించడానికి వచ్చిన వ్యక్తి పని ముగించుకుని వెళ్ళగానే ఇంటివారు కొత్త పాస్‌వర్డు పెట్టుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి భారతదేశంలో సీసీ కెమెరాలకు ప్రభుత్వం భద్రతా పరీక్షలను తప్పనిసరి చేసింది కాబట్టి, కొనే కెమెరా ఆ నిబంధనలకు లోబడినదేనా అని దుకాణంలో అడగడం కొనేవారి హక్కు.

ఇప్పుడు రెండవ సూత్రం. గడువు తీరకముందే దృశ్యాన్ని బయటికి తీసుకోవాలి. వీధిలో ప్రమాదం జరిగినా, ఇంట్లో వస్తువు పోయినా, మొదటి పని రికార్డరులో ఆ సమయాన్ని వెతికి, పెన్ డ్రైవులోకి కాపీ చేయడం. దీనిని బ్యాకప్ అంటారు. కొన్ని రికార్డర్లలో ఒక దృశ్యానికి లాక్ వేస్తే అది తుడుపుకు గురికాకుండా ఉంటుంది, ఆ సౌకర్యం ఉంటే బ్యాకప్‌కు ముందే వాడుకోవాలి. దృశ్యాన్ని ఫోనుతో తెర మీద నుంచి చిత్రీకరించడం బ్యాకప్ కాదు, స్పష్టత అందులో తగ్గిపోతుంది. తీసిన ఫైలు మామూలు కంప్యూటరులో తెరుచుకోకపోతే, రికార్డరు తయారీదారు ఇచ్చే ప్లేయరును కూడా అదే పెన్ డ్రైవులో ఉంచాలి. డిస్కును విప్పి కంప్యూటరుకు తగిలించడం మాత్రం చేయరాదు. రికార్డరు రాసే పద్ధతి కంప్యూటరుకు అర్థం కాక, డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. అవునని నొక్కితే పలక తుడిచినట్టే.

న్యాయస్థానం ముందుకు వెళ్ళే దృశ్యానికి మరికొంత శ్రద్ధ కావాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను, ఎలక్ట్రానిక్ నమోదు కాపీని సాక్ష్యంగా సమర్పించేటప్పుడు ధ్రువపత్రం ఉండాలని, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ పేర్కొనాలని చెబుతోంది. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర వంటి సంఖ్య. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఈ పనిని పోలీసులు, నిపుణులు చూసుకుంటారు. ఇంటివారు చేయవలసింది ఒక్కటే. కాపీ చేసిన ఫైలును కత్తిరించకుండా, దాని మీద పేర్లు గాని గుర్తులు గాని వేయకుండా, వచ్చినది వచ్చినట్టుగా అప్పగించాలి. తమ ఇంటిని కాపాడే కెమెరా పక్కింటి కిటికీలోకి చూడకుండా ఉండడం కూడా బాధ్యతే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. కెమెరా దిశను మార్చడం సాధ్యం కాని చోట, బొమ్మలో ఆ భాగాన్ని నల్లగా కప్పే ప్రైవసీ మాస్క్ సౌకర్యాన్ని వాడుకోవచ్చు.

చివరిగా ఒక అలవాటు. ప్రతి నెలా మొదటి తేదీన, కరెంటు బిల్లు చూసుకునే రోజున, రికార్డరు తెర తెరిచి అందులో దొరికే అతి పాత తేదీ ఏదో చూడాలి. ఈ రోజు నుంచి ఆ తేదీ వరకు ఉన్న రోజులే రికార్డరు అసలు జ్ఞాపకం. దుకాణదారు చెప్పినది గాని, కాగితం మీద లెక్క వేసుకున్నది గాని అంచనా మాత్రమే. లెక్క ప్రకారం 22 రోజులు రావలసి ఉండగా తొమ్మిదే కనబడితే, ఎవరో బిట్లను పెంచి ఉండవచ్చు, కొత్త కెమెరా చేరి ఉండవచ్చు, డిస్కు పాడవుతూ ఉండవచ్చు. లెక్కకు మించి 30 రోజులు కనబడితే సంతోషించడం తొందరపాటు. ఏదో ఒక కెమెరా నమోదు ఆగిపోయినందువల్లే డిస్కులో అంత చోటు మిగిలి ఉండవచ్చు. అందువల్ల ఆ పాత తేదీతో పాటు నిన్నటి తేదీన కూడా ఒక్కొక్క కెమెరా దృశ్యాన్నీ ఒక నిమిషం పాటు నడిపించి, ముఖాలు గుర్తుపట్టేలా ఉన్నాయో లేదో, గడియారం సరిగా ఉందో లేదో చూడాలి.

మెగాబిట్లను 11తో హెచ్చించి, కెమెరాల సంఖ్యతో హెచ్చించి, డిస్కును భాగించి కొనాలి. గడువు తీరకముందే కావలసినది తీసుకోవాలి. నెలకొకసారి అతి పాత తేదీని చూడాలి. ఇంట్లో ఇప్పటికే రికార్డరు ఉన్న శ్రోతలకు ఆ తేదీని చూసే పని ఈ సాయంత్రమే పూర్తి చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.